పొట్టలో ఒకరు, చంకలో ఒకరు: ఇలాంటి ఇంట్లో క్రిస్మస్ పనులు ఎలా సర్దుకోవాలి

డిసెంబరు నెల వస్తోందంటే మన క్రైస్తవ ఇళ్లలో పని మొదలవుతుంది. గోడలకు సున్నం, గడపకు రంగు, కొత్త బట్టలు, పిండి వంటలు, నక్షత్రం, క్యారల్స్ వాళ్లకు టీ, బంధువులకు భోజనాలు. ఈ జాబితాలో సగానికి పైగా ఇంటి కోడలి చేతుల మీదుగా జరిగేదే. ఆ కోడలికి ఈ ఏడు ఏడో నెలో ఎనిమిదో నెలో అయి, కొంగు పట్టుకుని తిరిగే రెండేళ్ల పిల్లో పిల్లాడో కూడా ఉంటే ఏం చేయాలి? మా తెలుగు సంఘం సభ్యుల ఇళ్లలో ఈ ప్రశ్న ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. ఈ ఏడు మా ఇంట్లోనే వచ్చింది. మనవడికి రెండున్నరేళ్లు, కోడలికి ఏడో నెల. కొడుకు తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కితే రాత్రికి గానీ కోలారు గనుల ఊరికి తిరిగి రాడు.

ఇలాంటప్పుడు పెద్దవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. "మేం కడుపుతో ఉండి కూడా అరిసెలు వండలేదా" అనేది ఒకటి. "ఈ ఏడు పండుగే వద్దులే" అనేది రెండోది. మొదటిది తల్లికి ప్రమాదం. రెండోదాంతో చంటివాడికి పండుగ పోతుంది, ఇంట్లో పుట్టబోయే బిడ్డ మీద అప్పుడే ఒక నింద పడుతుంది. ఆచారాలన్నీ ఒకే బరువున్నవి కావు. కొన్ని తప్పకుండా ఉంచుకోవాల్సినవి, కొన్ని వేరేవాళ్ల చేతికి ఇవ్వదగ్గవి, కొన్ని ఈ ఒక్క ఏడాదికి మానుకున్నా నష్టం లేనివి. గుమస్తాగా ఫైళ్లు సర్దిన అలవాటు కొద్దీ వాటిని అలాగే మూడు వరుసలుగా విడదీసి రాస్తున్నాను. ఆరోగ్యం సంగతుల్లో మాత్రం మీ డాక్టరు మాటే ఆఖరి మాట.

ఈ పండుగ మనతో ఎలా వచ్చింది

ముందు రెండు ముక్కలు చరిత్ర. ఏది అసలు ఆచారమో, ఏది మధ్యలో కలిసిందో తెలిస్తే ఏది వదలవచ్చో తేలిక అవుతుంది.

తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్లు పంతొమ్మిదో శతాబ్దంలో బలపడ్డాయి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, కాకినాడ వైపు 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. యానాంలో ఫ్రెంచివారి కాలంలోనే కేథలిక్ చర్చి ఉంది. మన కోలారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టాక చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు, తమిళులు కూలికి వచ్చారు. వచ్చినవాళ్లలో క్రైస్తవులు తమ పాటల పుస్తకాన్నీ, పండుగనూ వెంట తెచ్చుకున్నారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గానీ వీధుల్లో కాగితపు నక్షత్రాలు వేలాడటం ఆగలేదు.

ఇలా వచ్చిన పండుగలో ఆరాధన, కీర్తనలు, పాక, పంచుకోవడం అనేవి మూలం. అరిసెలు, కజ్జికాయలు మన తెలుగు ఇంటి వంటలు, సంక్రాంతికి చేసేవే క్రిస్మస్‌కూ చేసుకున్నాం. గులాబీ పువ్వులు, కల్‌కల్, ప్లమ్ కేకు ఆంగ్లో ఇండియన్ ఇళ్ల పొరుగున ఉండి నేర్చుకున్నవి. ఒక తరం కలుపుకున్నది మరో తరం ఒక ఏడాది పక్కన పెడితే పండుగకు లోటు రాదు.

ముందు క్యాలెండరు మీద గీత గీయండి

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాం. మొదటి ఆదివారం ఏ ఏడైనా నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్యనే పడుతుంది. అంటే చేతిలో నాలుగు వారాలు ఉంటాయి. పని అంతా డిసెంబరు 20 తరువాత కుక్కితేనే ఇబ్బంది.

మొదటి వారంలో ఇల్లు శుభ్రం, బట్టలు. గర్భిణి స్టూలు ఎక్కి బూజులు దులపడం, బరువైన పెట్టెలు దించడం ఈ ఏడు ఉండదని ముందే చెప్పుకోవాలి. నెలలు పెరిగేకొద్దీ పొట్ట ముందుకు వచ్చి ఒంటి తూకం మారుతుంది, కాలు తప్పడం సులభం. సున్నం, పెయింటు వాసనలు ఆరేవరకు ఆమె ఆ గదిలో పడుకోకుండా చూడాలి.

రెండో వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లి రావాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి నడుస్తోంది. డిసెంబరు 9 పండుగకు సరిగ్గా ముందు పడుతుంది కాబట్టి వదులుకోవద్దు. 25వ తేదీన సెలవు, ఆ తరువాత ఏడాది చివరి రోజులు. స్కాన్, రక్తపరీక్ష ఏదైనా ఉంటే 20లోపే ముగించుకుంటే నిశ్చింత. పండుగ రోజుల్లో డాక్టరు ఊళ్లో ఉంటారా, లేకపోతే ఎక్కడికి వెళ్లాలి అనేది అప్పుడే అడిగి రాసుకోండి. 108 అంబులెన్సు నంబరుతో పాటు రాత్రిపూట పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు కూడా గోడ మీద అంటించండి.

మూడో వారం పిండి వంటలు. నాలుగో వారం పాక, పాట, ఆరాధన, విశ్రాంతి.

వంటిల్లు: ఎవరు ఏం చేయాలి

అరిసెల సంగతి అందరికీ తెలిసిందే. బియ్యం నానబెట్టి, తడి పిండి పట్టించి, బెల్లం పాకంలో పోస్తూ కలియబెట్టాలి. రెక్కల సత్తువ ఉన్న ఇద్దరు ముగ్గురు లేనిదే ఆ పని సాగదు. తరువాత గంటల తరబడి నూనె మూకుడు ముందు నిలబడాలి. ఇది ఏడో నెల మనిషి పని కాదు. ఎక్కువసేపు నిలబడితే కాళ్ల వాపు, నడుం నొప్పి. నూనె పొగకు కళ్లు తిరగడం కూడా ఉంటుంది. పైగా వంటింట్లో తల్లి ఉంటే చంటివాడు అక్కడే ఉంటాడు, మరిగే మూకుడు అందే ఎత్తులో.

మా ఇంట్లో ఈసారి ఇలా అనుకున్నాం. అరిసెలు వీధిలో వండిపెట్టే ఆమెకు రెండు కిలోలు చెప్పేశాం. జంతికలు మా ఆవిడ, వియ్యపురాలు కలిసి ఒక పూటలో చేస్తారు. ఆ పూట మనవడిని నేను పార్కుకు తీసుకెళ్లాలి. అది నా వంతు. కోడలు ఇంట్లోనే చేయాలనుకున్నది గవ్వలు ఒక్కటి. దానికి కారణం ఉంది. గవ్వలు చేయడానికి కింద చాప వేసుకుని గోడకు ఆనుకుని, లేదా కుర్చీలో బల్ల ముందు కూర్చోవచ్చు. రెండున్నరేళ్లవాడు కూడా చిన్న ఉండను గవ్వల పీట మీదో, శుభ్రమైన కొత్త దువ్వెన మీదో వేసి బొటనవేలితో నొక్కగలడు. వంకర టింకరగా వస్తాయి. అవి "వీడి గవ్వలు" అని వేరే డబ్బాలో పెడితే ఆ పిల్లాడికి ఆ ఏడాది క్రిస్మస్ అదే. వేయించడం మాత్రం వాడు నిద్రపోయాక, వేరేవాళ్లు.

గులాబీ పువ్వుల అచ్చు మరిగే నూనెలో ముంచి ఊపుతూ ఉండాలి కాబట్టి పిల్లలున్న పూట ఆ పని పెట్టుకోకండి.

పని పంచుకోవడంలో మగవాళ్ల పేర్లు కూడా ఉండాలి. ఒక కాగితం మీద పని, తేదీ, మనిషి అని మూడు గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. గళ్లలో కోడలి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మూడు దాటితే ఆ కాగితం మళ్లీ రాయాలి. ఆమె "నాకేం ఫర్వాలేదు అత్తయ్యా" అన్నా సరే. మన ఇళ్లలో ఆడపిల్లలు నోరు తెరిచి కాదనరు. అడగకుండానే పని తీసుకోవాల్సింది పెద్దవాళ్లమే.

తినేది, తాగేది

ప్లమ్ కేకు కోసం కొందరు ఎండు పళ్లను రమ్ములో నానబెడతారు. కొన్ని ఇళ్లలో ద్రాక్ష వైను కూడా ఇంట్లోనే చేస్తారు. గర్భిణికి మద్యం ఇంత వరకైతే ఫర్వాలేదు అనే లెక్క ఏదీ లేదు. పళ్లను నారింజ రసంలోనో ద్రాక్ష రసంలోనో నానబెడితే కేకు బాగానే ఉంటుంది, చంటివాడికీ పెట్టవచ్చు. బయట కొన్న కేకయితే ఏది కలిపారో అడిగి తెచ్చుకోండి. పచ్చి గుడ్డు సొనతో చేసే ఐసింగు కూడా ఆమెకు వద్దు.

తీపి సంగతి ఇంకొకటి. గర్భం వల్ల వచ్చే చక్కెర జబ్బు మన దేశంలో తక్కువేమీ కాదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత రక్తం చూసే పరీక్ష మొదటిసారి వెళ్లినప్పుడు, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య చేయాలని ప్రభుత్వ నియమం. 140 లేదా అంతకు మించితే జాగ్రత్త పడాలి. పరీక్ష చేయించుకోకుండా పండుగ తీపిలోకి దిగకూడదు. చక్కెర ఉందని తేలినవాళ్లు ఉంటే, ఇంటికి వచ్చినవాళ్లు "ఒక్కటేగా, ఏమవుతుంది" అని బలవంతం చేయడం మర్యాద కాదు. వాళ్ల పళ్లెంలో జంతికలు, వేయించిన వేరుసెనగలు, ఒక పండు పెడితే సరిపోతుంది.

ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, ప్రసవం అయ్యాక మరో 180 రోజులు. పండుగ హడావుడిలో మొదట మరిచిపోయేది ఇదే. మాత్రకు ముందూ వెనకా టీ, కాఫీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. క్యాల్షియం మాత్ర కూడా దానితో కలిపి వేసుకోకూడదు, వేరే పూట వేసుకోవాలి. క్యారల్స్ వాళ్లు వచ్చిన ప్రతిసారీ వాళ్లతో పాటు ఒక కప్పు టీ తాగితే రాత్రికి నాలుగు కప్పులవుతాయి. ఆమెకు నిమ్మరసమో మజ్జిగో పక్కన పెట్టండి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా పండుగ పని ఆపి ఆసుపత్రికి వెళ్లాలి: రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, పొట్ట పై భాగంలో నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం. "ఆరాధన అయ్యాక చూద్దాం" అనే మాట వద్దు.

నక్షత్రం, దీపాలు, బొమ్మలు

నక్షత్రం వేలాడదీయడం మగవాళ్లకు, పెద్ద పిల్లలకు ఇవ్వండి. లోపలి బల్బు కాగితానికి తగలకుండా, తీగ అతుకులు బయటకు కనిపించకుండా చూసుకోవాలి. చిన్నవాడికి స్విచ్చి వేసే ఉద్యోగం ఇవ్వవచ్చు. రోజూ సాయంత్రం తాతో నాన్నో ఎత్తుకుంటే వాడు స్విచ్చి వేస్తాడు, వీధంతా చూస్తుంది. అమ్మ ఎత్తుకోవాల్సిన అవసరం లేని ఆచారం ఇది.

ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉంటే మూడు వస్తువులను ముఖ్యంగా గమనించండి. మొదటిది, పాడే బొమ్మలు, వెలిగే చిన్న తారల్లో ఉండే గుండీ బ్యాటరీలు. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. మింగాడన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, వేరుసెనగలు, జీడిపప్పు, బాదం. ఐదేళ్లలోపు పిల్లలకు ఇవి విడిగా పెట్టవద్దు, పొడి చేసి పెట్టండి. ద్రాక్షను నిలువుగా కోసి ఇవ్వండి. మూడోది, కొవ్వొత్తులు. బల్ల గుడ్డ మీద కొవ్వొత్తి పెడితే వాడు గుడ్డ లాగుతాడు. పెద్దవాళ్ల భుజం కన్నా ఎత్తులో పెట్టడమో, ఈ ఏడు బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోవడమో మేలు. ఆ దీపం బ్యాటరీ మూతకు మర ఉండాలి.

పాక కథతో పాపాయి కథ

చెట్టు కన్నా పాక పిల్లలకు బాగా అర్థమవుతుంది. ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో ఫ్రాన్సిస్ అనే పునీతుడు 1223లో పాకను కట్టి చూపించాడు. చదువురాని జనానికి కథ కళ్లకు కట్టాలన్నది ఆయన ఉద్దేశం. రెండేళ్లవాడు కూడా చదువురానివాడే కదా.

చాలా కేథలిక్ ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పాకలో మరియ, యోసేపు, గొల్లలు, ఆవు, గాడిద అన్నీ పెడతారు గానీ తొట్టిని ఖాళీగా ఉంచుతారు. 24 రాత్రి బాలయేసు బొమ్మను అందులో పెడతారు. కడుపుతో తల్లి ఉన్న ఇంట్లో ఈ ఆచారం ఏ సంఘం వాళ్లయినా పాటించదగ్గది. పిల్లాడు రోజూ వచ్చి "పాపాయి ఏదీ" అంటాడు. "ఇంకా రాలేదు నాన్నా, వాళ్లమ్మ కడుపులో ఉన్నాడు, మన అమ్మ కడుపులో పాపాయి ఉన్నట్టే" అని చెప్పవచ్చు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాడికి అలా తెలుస్తుంది. 24 రాత్రి తొట్టిలో బొమ్మ పెట్టే పని వాడిదే. బొమ్మలు మట్టివీ గాజువీ కాకుండా గుడ్డవో చెక్కవో, నోట్లో పట్టనంత పెద్దవో చూసుకోండి.

అసలు క్రిస్మస్ కథే ఒక గర్భిణి కథ. నెలలు నిండిన మరియ నజరేతు నుంచి బేత్లెహేము వరకు ప్రయాణం చేసింది. సత్రంలో చోటు దొరకలేదు. ప్రతి ఏటా ప్రసంగంలో ఈ మాట వింటాం. విని ఇంటికి వచ్చి నెలలు నిండిన కోడలిని "పదిమందికి వడ్డించు" అంటే వినీ ఏం లాభం?

పిల్లాడితో మాట్లాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. రెండేళ్లవాడికి నెలలు, వారాలు తెలియవు. "ఫిబ్రవరిలో తమ్ముడు వస్తాడు" అంటే వాడికి అర్థం కాదు. "నక్షత్రం దించేశాక, సంక్రాంతి ముగ్గులు అయిపోయాక పాపాయి వస్తుంది" అంటే కొంత పట్టుబడుతుంది. రెండోది, "తమ్ముడే" అనో "చెల్లే" అనో ముందుగా తేల్చి చెప్పకండి. "నువ్వు ఇక పెద్దవాడివి, అమ్మ ఒడిలో కూర్చోకూడదు" అనడం కూడా తప్పే. ఎత్తుకోకపోయినా ఒడి ఇవ్వవచ్చు. తల్లి మంచం మీద కూర్చుని పక్కనే వాణ్ణి కూర్చోబెట్టుకుంటే చాలు. పాలు మాన్పించడం, ఉచ్చ అలవాటు, వేరే మంచం మార్పు ఇవేవీ పండుగ వారంలో పెట్టుకోవద్దు. నానమ్మ దగ్గర పడుకోవడం నేర్పాలంటే ఇప్పటినుంచే మెల్లగా మొదలుపెట్టండి. బిడ్డ పుట్టిన రాత్రి మొదలుపెడితే తన చోటు ఆ బిడ్డ లాక్కున్నట్టు వాడికి అనిపిస్తుంది.

కొత్త బట్టలు కొనేటప్పుడు వాడి చేత పాపాయికి ఒక చిన్న టోపీయో గుడ్డ బొమ్మో ఎంపిక చేయించండి. దాన్ని దాచి, బిడ్డ పుట్టాక వాడి చేతనే ఇప్పించండి.

క్యారల్స్, ఆరాధన

క్యారల్స్ రౌండ్లు రాత్రి పది దాటాక కూడా వస్తుంటాయి. యువకులకు ముందే కబురు పెట్టండి: మా ఇంటికి ఏడు, ఎనిమిది మధ్య రండి, డ్రమ్ము గుమ్మం బయటే ఉంచండి. పిల్లలు సంతోషంగానే వింటారు. క్రిస్మస్ తాత ముఖానికి తగిలించుకునే ప్లాస్టిక్ ముసుగు మాత్రం రెండేళ్లవాళ్లకు భయం. గుమ్మం దగ్గరే ముసుగు తీసి ముఖం చూపించి, తరువాత మళ్లీ పెట్టుకోమని చెప్పండి. ఏడ్చేవాణ్ణి లాక్కెళ్లి ఫొటో తీయించడం వద్దు.

సెమీ క్రిస్మస్, 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన, 31 రాత్రి ఆరాధన అన్నీ కలిపితే నాలుగవుతాయి. ఈ ఏడు ఆమె రెంటికి వెళితే చాలు. నా అభిప్రాయంలో 25 ఉదయం ఉత్తమం. నిద్ర చెడదు, చలి ఉండదు, పిల్లాడు కూడా మెలకువగా ఉంటాడు. గుడిలో కింద కూర్చునే ఏర్పాటు ఉంటే కుర్చీ అడిగి వేయించుకోండి. స్పీకరు పెట్టెలకు దూరంగా, గుమ్మానికి దగ్గరగా చోటు చూసుకోండి. సంఘ పెద్దలకు నా మనవి ఒకటే: గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు తలుపు పక్కన రెండు వరుసలు వేరుగా పెట్టించండి. దానికి తీర్మానం అక్కర్లేదు, ఒక కాగితం మీద రాసి అంటిస్తే చాలు. టపాకాయల పొగ ఆమెకూ పిల్లాడికీ మంచిది కాదు.

పుట్టింటి ప్రయాణం, కాగితాలు

మొదటి కాన్పుకు పుట్టిల్లు మన ఆనవాయితీ. రెండో కాన్పుకు చాలామంది అత్తింట్లోనే ఉంటారు. మన లాంటి స్థిరపడిన కుటుంబాల్లో పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఇంకో రాష్ట్రం. క్రిస్మస్‌కు వెళ్లి అక్కడే కాన్పు వరకు ఉందామనుకునేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

రైల్లో గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంది. డిసెంబరు చివరి వారం రైళ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి పండుగకు పదిరోజుల ముందే ప్రయాణం పెట్టుకోండి. విమాన సంస్థలు నెలలు పెరిగేకొద్దీ డాక్టరు చీటీ అడుగుతాయి, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కించుకోవు. దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

కర్ణాటకలో తాయి కార్డు, తమిళనాడులో పిక్మి నంబరు, మిగతా చోట్ల తల్లీబిడ్డల రక్షణ కార్డు ఏది ఉంటే అది, స్కాన్ కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లాలి. చంటివాడి టీకాల కార్డు కూడా. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే జనన నమోదు జరుగుతుంది, 21 రోజుల్లోపు చేయించుకుంటే జరిమానా లేదు. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించండి. కన్నడంలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా పడితే బడిలో చేర్చేటప్పుడు ఇబ్బంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హత ఉన్న కుటుంబాలకు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇస్తారు. అంగన్‌వాడీలో అడగండి.

పాట ఒకటి చాలు

మన పిల్లలు ప్లే హోములో కన్నడమో తమిళమో ఒడియానో, ఆపైన ఇంగ్లీషు వింటున్నారు. చాలా ఇళ్లలో తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో రాసుకుని పాడుతున్నారు. పాడకపోవడం కంటే అది నయం. కానీ రెండేళ్లవాడికి లిపితో పనిలేదు, చెవి చాలు. ఆగమన కాలం నాలుగు వారాలూ రోజూ దీపాలవేళ ఒకే ఒక తెలుగు క్రిస్మస్ కీర్తన, ఒక పల్లవి, ఒక చరణం పాడండి. రోజుకో పాట మార్చితే వాడికి ఏదీ రాదు. నెల తిరిగేసరికి పల్లవి చివరి మాటలు వాడే అందుకుంటాడు. పొట్టలో బిడ్డకు కూడా ఈ నెలల్లో తల్లి గొంతు వినిపిస్తుంది. పుట్టిన తరువాత అదే పాట జోలపాటగా పనికొస్తుంది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఎక్కువగా కనిపించే పేర్లలో పురుషోత్తమ చౌదరి గారిది ఒకటి. ఆయన 1803లో ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశం మూలాలున్న కుటుంబంలో పుట్టారు, 1890లో కన్నుమూశారు. ఊరు ఇప్పుడు ఒడిశా, పూర్వీకులు బెంగాలీలు, పాట మాత్రం తెలుగు. రాష్ట్రం బయట ఉండిపోయాం కాబట్టి పిల్లలకు తెలుగు రాదు అనేవాళ్లకు ఆయన పేరు ఒకసారి చెప్పండి.

ఇరుగుపొరుగు వారికి

ఈ మాట క్రైస్తవులు కాని మన తెలుగు కుటుంబాలకు. మీ పక్కింట్లో ఇలాంటి తల్లి ఉంటే, ఈ ఏడు వాళ్లు పంపే పళ్లెంలో నాలుగు రకాలు లేవని అనుకోవద్దు. తిరిగి పంపేటప్పుడు తీపికి బదులు ఒక పూట అన్నం, పప్పు, కూర పంపండి. లేదా ఆ చంటివాణ్ణి రెండు గంటలు మీ ఇంట్లో ఆడించండి. ఆ రెండు గంటలు ఆమె ఎడమ వైపు ఒత్తిగిలి కునుకు తీస్తుంది. దానికి మించిన క్రిస్మస్ కానుక లేదు.

మా తెలుగు సంఘంలో ఈసారి కార్యవర్గ సభ్యులం ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. డిసెంబరు 15 నుంచి జనవరి 2 వరకు, నెలలు నిండిన గర్భిణులున్న సభ్యుల ఇళ్ల జాబితా, రాత్రిపూట బండి ఇవ్వగలవాళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి అందరి దగ్గరా ఉంచుతున్నాం. పది నిమిషాల పని, ఒక పెన్ను చాలు. మీ ఊళ్లోని సంఘంలో కూడా ఆగమన కాలం మొదటి ఆదివారంలోగా అలాంటి జాబితా ఒకటి రాసి పెట్టుకోండి.